పాత మోటారు పడవకు గేరు కేబులు మార్చుట

మోటారు కారునకు బ్రేకు కలదు. సైకిలునకు బ్రేకు కలదు. ఎడ్లబండిని సైతము పగ్గము బిగబట్టి నిలుపవచ్చును. మోటారు పడవకు మాత్రము బ్రేకు లేదు. రేవును సమీపించిన పడవ నిలువవలెనన్నచో, నడుపువాడు ముందు గేరును తప్పించి, క్షణకాలము న్యూట్రలునందుంచి, వెనుక గేరు వేయవలెను. అప్పుడు ప్రొపెల్లరు ఎదురు దిశకు తిరిగి నీటిని త్రోయుటచే పడవ నిలుచును. నడుపువాని చేతిలోని పిడికిని నీటిలో మునిగియున్న గేర్లకును గల సంబంధమంతయు చిటికెనవ్రేలి లావు కేబుల్ల మీద ఆధారపడియున్నది. ఆ కేబులు అరిగినప్పుడు ఏమి జరుగునో, దానిని ఎట్లు మార్చవలెనో నేడు ముచ్చటించుకొందము.

ఈ విషయము మన గోదావరి లాంచీలకు సంబంధించినది కాదు. అమెరికాలో, విశేషించి పదివేల సరస్సుల రాష్ట్రమని పేరుపడిన మిన్నెసోటాలోను, విస్కాన్సిన్, మిచిగన్ ప్రాంతములలోను, సామాన్య గృహస్థులు సైతము చిన్న పడవలను ఉంచుకొందురు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారిలోను ఆ సరదా గలవారు కలరు. కొత్త పడవ వెల అధికము గనుక ఇరువది, ముప్పది ఏండ్ల పాత పడవను కొనుటయు కద్దు. అట్టి పడవలయందు తరచుగా కనబడు యంత్రమునకు స్టెర్న్‌డ్రైవ్ అని పేరు.

ఇంజను పడవ లోపల వెనుక భాగమున నుండును. ప్రొపెల్లరును గేర్లును గల కాలు వంటి భాగము వెనుక పలకకు వెలుపల వ్రేలాడుచుండును. ఈ కాలు కుడియెడమలకు తిరుగును గనుక వేరే చుక్కానితో పనిలేదు. పైకి లేచును గనుక లోతు తక్కువ నీటిలోను పడవ నడచును. జిమ్ విన్ అను అమెరికను ఇంజనీరు ఈ ఆలోచనను స్వీడనునందలి వోల్వో పెంటా కంపెనీకి అందింపగా, 1959లో వారు అక్వామాటిక్ అను పేర దీనిని విపణిలో ప్రవేశపెట్టిరి. విన్ అంతకు పూర్వము కార్ల్ కీకేఫర్‌కు చెందిన కంపెనీలో పనిచేసినవాడు. ఆ కంపెనీ 1961లో మెర్‌క్రూజర్ అను పేర తన యంత్రమును తెచ్చినది. ఇప్పుడు పాత పడవలలో తరచుగా కనబడునది ఆ వంశమునకు చెందిన ఆల్ఫా వన్. మేము చెప్పబోవు వివరములు ముఖ్యముగా దానికి సంబంధించినవి; ఇతర యంత్రములకు కొలతలును పద్ధతులును వేరుగా నుండును.

సైకిలు బ్రేకు తీగను మనమందరము చూచియున్నాము. గొట్టము వంటి తొడుగు కదలక యుండగా, దానిలోని తీగ జారుచుండును. ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ అను ఆంగ్లేయుడు 1896లో దీనికి పేటెంటు పొందెను. పడవ గేరు కేబులును ఆ జాతిదే. కాని భేదము ఒకటి కలదు. సైకిలు తీగ లాగుట మాత్రమే చేయును, వదలగానే స్ప్రింగు దానిని వెనుకకు తెచ్చును. గేరు కేబులు ఒక దిశలో లాగవలెను, మఱియొక దిశలో త్రోయవలెను. దారముతో లాగవచ్చును గాని త్రోయలేము గదా! అందువలన దీని లోపలి తీగ బిరుసుగా నుండవలెను, తొడుగు దానిని అన్ని ప్రక్కల గట్టిగా పట్టియుంచవలెను. ఒకచోట తొడుగు నలిగినను, మలుపు మరీ తీక్ష్ణమైనను, త్రోపు మధ్యలోనే హరించిపోవును. పిడి కదలినంత దూరము గేరు కదలదు.

ఆల్ఫా వన్ యందు కేబుళ్లు రెండు. మొదటిది నడుపువాని పిడి నుండి ఇంజను మీది ఒక ఇనుప పలక వరకు వచ్చును. దీనిని పై కేబులు అందము. ఆ పలక వద్ద మొదలై, పడవ వెనుక పలకను దాటి, వెలుపలి కాలులోనికి పోవునది క్రింది కేబులు. రెండవది పొట్టిదే గాని కష్టములన్నియు దానివే. చుక్కాని త్రిప్పినప్పుడెల్ల అది వంగును, కాలు లేచినప్పుడెల్ల వంగును, పైగా అది పోవు మార్గము నీటిమట్టమునకు దిగువను. ఏండ్లు గడచినకొలది పై పొర పగిలి నీరు లోనికి చేరును. తొడుగులోని ఉక్కు చుట్టలు తుప్పు పట్టి ఉబ్బి లోపలి తీగను పట్టివేయును.

ఇక గేర్ల సంగతి. కాలు అడుగున ముందుకొకటి, వెనుకకొకటి, రెండు గేర్లు ఎల్లప్పుడు తిరుగుచుండును. వాని నడుమ పండ్లు గల ఒక ముక్క అటో ఇటో జరిగి, ఏదో ఒక గేరుతో కలసికొని ప్రొపెల్లరును త్రిప్పును. కలియుట సులభమే. విడివడుట కష్టము, ఏలయనగా ఇంజను బలమంతయు ఆ పండ్ల మీద ఒత్తిడిగా నుండును. దీనికొక చక్కని ఉపాయము పన్నిరి. గేరు తప్పించునప్పుడు కేబులు మీద పడు బరువు వలన ఇంజను మీది పలకలో ఒక చిన్న స్విచ్చి నొక్కుకొనును. వెంటనే నిప్పురవ్వ రెప్పపాటు కాలము ఆగును. ఇంజను తడబడును, ఒత్తిడి సడలును, పండ్లు విడివడును, స్విచ్చి యథాస్థానమునకు వచ్చును, ఇంజను మరల నడచును. ఇదంతయు నడుపువాని చెవికి చిన్న దగ్గువలె వినబడును.

కేబులు బిగిసినప్పుడు చిక్కు ఇక్కడనే వచ్చును. గేరు విడివడినను కేబులులోని రాపిడి వలన బరువు తగ్గదు. స్విచ్చి నొక్కుకొనియే యుండును. ఇంజను తడబడుటతో ఆగక పూర్తిగా ఆరిపోవును. ఇది ఎప్పుడు జరుగును? రేవునకు నాలుగు బారల దూరమున, పిడిని ముందు గేరు నుండి న్యూట్రలునకు తెచ్చిన క్షణమున! వెనుక గేరు వేయుటకు ఇంజను లేదు. పడవ తన వేగమున తాను పోయి రేవు స్తంభమునకో, ప్రక్క పడవకో తగులును.

అంతకన్న భయంకరమైనది మఱియొకటి కలదు. పిడి న్యూట్రలునందున్నను, కేబులు పూర్తిగా కదలనందున గేరు విడివడకపోవచ్చును. అప్పుడు ప్రొపెల్లరు తిరుగుచునే యుండును. పడవ వెనుక నిచ్చెన పట్టుకొని నీటిలోనుండి ఎక్కువారు ప్రొపెల్లరునకు మూరెడు దూరములో నుందురు. మనుష్యులు ఎక్కునప్పుడును దిగునప్పుడును పిడిని నమ్మక ఇంజనునే ఆపివేయవలెనని పెద్దలు చెప్పుట ఇందుకే. కేబులు కొత్తదైనను ఈ నియమము తప్పరాదు.

రోగమొకచోట నుండగా మందు వేరొకచోట వేయుట ఈ విషయమున సర్వసాధారణము. ఇంజను ఆరిపోవుచున్నదనగానే కార్బ్యురేటరును విప్పుదురు, ప్లగ్గులు మార్చుదురు, ఇంజను నిదాన వేగమును హెచ్చింతురు. వేగము హెచ్చించినచో ఆరిపోవుట తగ్గినట్లు కనబడును గాని, గేరు పండ్లు మరింత గట్టిగా కొట్టుకొని అరుగును. కొందరు ఆ చిన్న స్విచ్చిదే దోషమని దాని తీగలు ఊడదీసి తృప్తిపడుదురు. జ్వరమును తెలుపు కొలగొట్టమును విరుగగొట్టినంత మాత్రమున జ్వరము పోవునా? స్విచ్చి లేనప్పుడు బిగిసిన గేరును బలముతో లాగవలసివచ్చును. చివరకు కాలు విప్పి గేర్లనే మార్చవలసివచ్చును. ఆ ఖర్చు ముందు కేబులు ఖర్చు ఎన్నవది కాదు.

పరీక్ష సులభము. ఇంజను ఆపి, ఇంజను మీది పలక వద్ద రెండు కేబుళ్లను విడదీయవలెను. పై కేబులు విడిగా నుండగా నడుపువాని పిడిని కదలించి చూడవలెను. తేలికగా కదలినచో అది మంచిదే. తరువాత క్రింది కేబులు కొనను చేతితో పట్టి లాగుచు త్రోయుచు, ఒకరు ప్రొపెల్లరును మెల్లగా త్రిప్పుచుండగా చూడవలెను. ప్రొపెల్లరు త్రిప్పనిదే పండ్లు ఎదురెదురుగా నిలిచి, మంచి కేబులు సైతము చెడ్డదిగా తోచును. త్రిప్పుచున్నను కదలిక గరుకుగా నున్నచో దోషము దొరికినట్లే. కేబులులోనా, కాలులోనా అను సందేహము కాలును విప్పిన తరువాత తీరును.

పని పడవను నీటి నుండి బండి మీదికి తీసిన తరువాతనే చేయవలెను. మొదట బ్యాటరీ తీగ విప్పి, పిడిని ముందు గేరునందుంచవలెను. ఆల్ఫా కాలు ఆ స్థితిలోనే ఊడును. కాలును పైకెత్తు ఉక్కు కడ్డీలను విడదీసి, చుట్టునున్న ఆరు నట్లను విప్పి, వెనుకకు లాగవలెను. ఇది ఒంటరిగా చేయు పని కాదు, కాలు మిక్కిలి బరువు. కాలు క్రింద సరియైన ఆధారము లేనిదే చివరి నట్టును విప్పరాదు.

తరువాత ఇంజను వైపు కేబులు కొననున్న ఇత్తడి ముక్కను, లోపలి తీగను పట్టియున్న చిన్న స్క్రూను వదులు చేసి, లోపలి తీగను వెలుపలి వైపునకు లాగివేయవలెను. తొడుగు మాత్రము వెలుపలి కాస్టింగులోనికి మరలతో బిగింపబడియుండును. దీనిని విప్పుటకు ప్రక్కన చీలిక గల ప్రత్యేకమైన సాకెటు కావలెను. అది లేక పట్టకారుతో తంటాలు పడినచో అల్యూమినియము మరలు చెడును. పాత తొడుగును లాగివేయుటకు ముందు అది ఇంజను ప్రక్కన ఏ దారిని పోయినదో కాగితము మీద గీసికొనుట మంచిది. పొగగొట్టమునకు తగిలినను, స్టీరింగు గొట్టముల క్రింద నలిగినను కొత్త కేబులు ఆయువు కొద్ది కాలమే.

ఇక అసలైన మాట. క్రింది కేబులు పడవ వెనుక పలకను దాటు చోట, కమ్మరి కొలిమితిత్తి వలె ముడుతలు గల చిన్న రబ్బరు తిత్తి ఒకటి దానిని చుట్టియుండును. కేబులు వంగినప్పుడెల్ల ఇదియు వంగుచు, నీటిని లోనికి రానీయకుండును. ఈ తిత్తి నీటిమట్టమునకు దిగువ నుండును గనుక, ఇది చిరిగినచో సరస్సు నేరుగా పడవలోనికి వచ్చును. రాత్రి రేవున కట్టిన పడవ తెల్లవారునప్పటికి అడుగున నుండుటకు ఇట్టి చిరుగు చాలును. అందుచే కేబులు మార్చుచు పాత తిత్తిని ఉంచుట మా దృష్టిలో అవివేకము. తిత్తి వెల స్వల్పము, దానిని చేరుటకు పడు శ్రమ అధికము. ఆ శ్రమ ఎట్లును పడియే యున్నాము. బిగించు పట్టీలును కొత్తవే వేయవలెను. ప్రక్కనున్న పెద్ద తిత్తి, అనగా ఇంజను బలమును కాలునకు అందించు కీలును కప్పియున్నది, దాని ముడుతలను కూడ వ్రేళ్లతో విప్పి పగుళ్లకొరకు చూడవలెను. అది పగిలినచో కేబులు కొత్తదైన ఫలమేమి?

కొత్త తొడుగు మరలకు కంపెనీ చెప్పిన నీరుచొరని లేపనము పూసి బిగించి, లోపలి తీగకు పలుచగా గ్రీజు రాచి దూర్చవలెను. తీగ జారుచున్నదో లేదో అప్పుడే చేతితో చూచుకొనవలెను. కాలును తిరిగి బిగించునప్పుడు రబ్బరు వలయములును కాగితపు ప్యాకింగును కొత్తవి వేయవలెను. కాలును, కేబులు కొనను, రెండింటిని ముందు గేరు స్థానమునందే ఉంచి కలుపవలెను.

సరిచూచుట ఓర్పుతో చేయవలసిన పని. ప్రొపెల్లరును త్రిప్పుచు కేబులును ముందు గేరులోనికి నెట్టగా పండ్లు కలసి ప్రొపెల్లరు బిగిసి నిలుచును. ఆ స్థితిలో ఇత్తడి ముక్క నడిమి నుండి కేబులు కొనయందలి రంధ్రము నడిమికి 6 అంగుళములు, అనగా 152 మిల్లీమీటర్లు, ఉండునట్లు చేయుట ఆల్ఫా వన్ పద్ధతి. తరువాతనే పై కేబులును దానికి అనుగుణముగా సరిచేయవలెను. పై కేబులుతో ప్రారంభించి క్రిందిదానిని లాగి సరిపెట్టినచో ముందు గేరు చక్కగా పడినను వెనుక గేరు సగమే పడును. సగము కలసిన పండ్లు బరువు పడగానే జారి టకటక శబ్దము చేయును. ఆ శబ్దము విన్నచో ఇంజనును వెంటనే ఆపవలెను.

నీటిలో దింపు దినమున పడవను బండి మీద కట్టియే యుంచి వెనుక భాగమును మాత్రము తేలనీయవలెను. ఇంజను మూత తెరచి పెట్రోలు ఆవిరి పోవుటకు గాలిపంకాను కొంతసేపు నడిపింపవలెను. ఒక దీపము పట్టుకొని, కేబులు లోనికి వచ్చు చోటును పడవ అడుగును పది నిమిషములు చూడవలెను. అడుగు పొడిగా నున్నచో ఇంజను నడిపి, కట్టు విప్పకుండగనే ముందుకు, న్యూట్రలునకు, వెనుకకు పిడిని నిదానముగా అయిదారు పర్యాయములు మార్చి చూడవలెను. ప్రతి మార్పునకు ఆ చిన్న దగ్గు వినబడి, ఇంజను ఆరిపోకున్నచో కట్లు విప్పవచ్చును. ఆ సాయంకాలము ఇంటికి పోవునప్పుడు మాత్రము పడవను రేవున వదలక బండి మీదికి ఎక్కించుట మేలు. మరునాడు మరల ఒక గంట నీటిలోనుంచి అడుగు పొడిగానే యున్నదని చూచిన తరువాత, రాత్రి రేవున కట్టవచ్చును.