గండి

జమ్మలమడుగు సమీపమున, ఎఱ్ఱమల కొండను పెన్నానది చీల్చుకొనిపోయిన గండివలననే గండికోటకా పేరు గలిగినది. అంతటి గిరిదుర్గమును మీర్‌జుమ్లాకు లోబడినది.

మనుష్యుని స్థైర్యమును ఇట్టిదే. సీమోనను జాలరికి యేసు పెట్టిన పేరు పేతురు. గ్రీకుభాషలో రాయి యని యర్థము. ఎవరు విడిచినను తాను విడువనన్న యా రాయి, ఆ రాత్రియే బొగ్గులనిప్పు కడ చలికాచుకొనుచు, ఒక దాసి మాటకే బెదరి, ఆయన నెఱుగనని ముమ్మాఱు బొంకెను.

ఇస్కరియోతు యూదాయు నా రాత్రియే తప్పెను; అతడును పశ్చాత్తాపపడెను. కాని యూదా తన దోషముతో నొంటరిగా పోయి ప్రాణము తీసికొనెను. పేతురు వెక్కివెక్కి యేడ్చియు తోడివారిని విడువలేదు. పునరుత్థానానంతరము సముద్రతీరమున యేసు తానే బొగ్గులనిప్పుపై చేపలుంచి, ముందు భోజనము పెట్టెను. పిదప తనయందు ప్రేమ గలదా యని ముమ్మాఱడిగి, తన గొఱ్ఱెల నతనికే యప్పగించెనని యోహాను సువార్త చెప్పుచున్నది.

మాకు తోచినదేమనగా, కృప యనగా తప్పును లేదనుట గాదు; ప్రశ్న మూడు మాఱులు వచ్చెను గదా! అన్నము ముందు, ప్రశ్న వెనుక. ఈ క్రమమే కృప.

సోదరీమణులారా! తప్పిపోయి తిరిగివచ్చిన బిడ్డకు మన యిండ్ల ప్రశ్నలు గడపలోనే యెదురగును. విస్తరి తరువాత, ఒక్కొక్కచో లేనేలేదు. ఈ వరుసను త్రిప్పిచూడుడు. రాతికి పడిన గండియే పెన్నకు త్రోవయైనది.