మళ్లీ ఇరవై రోజుల దాకా పరుగే

హైదరాబాద్ శివరాంపల్లిలో, నేషనల్ పోలీస్ అకాడమీకి వెళ్లే దారికి ఎదురుగా తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. పొద్దున్నే జిల్లాల బస్సులు దిగి వచ్చే తల్లుల భుజాల మీద పిల్లలు తలవాల్చి ఉంటారు. పెదాలు పాలిపోయి ఉంటాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆ పిల్లల్నే పట్టుకోవడం కష్టం. మధ్యలో జరిగిందల్లా, ముక్కూమొహం తెలియని మనిషెవరో ఇచ్చిన రక్తం మూడు నాలుగు గంటలపాటు చుక్కచుక్కగా ఎక్కడమే.

తలసేమియా మేజర్‌తో పుట్టిన బిడ్డ ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాదు. చాలామందికి రెండేళ్లలోపే జబ్బు బయటపడుతుంది. అప్పటి నుంచి రెండు వారాలకో, మూడు వారాలకో రక్తం ఎక్కించాల్సిందే. అలాంటి పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి 1998లో పెట్టిన సంస్థ ఇది. ఇక్కడ రక్తం ఎక్కించడానికి డబ్బు తీసుకోరు.

ఒక చేతికి సూది ఉన్నా రెండో చెయ్యి ఊరుకోదు. బొమ్మలకు రంగులు వేస్తుంది, హోంవర్క్ రాస్తుంది, పక్క మంచం మీది స్నేహితుణ్ని గిల్లుతుంది. ఇద్దరికీ రక్తం తేదీ ఒకటే కాబట్టి ఆ స్నేహం ఏళ్లతరబడి సాగుతుంది. తల్లుల పలకరింపు కూడా వేరు: ‘ఈసారి హిమోగ్లోబిన్ ఎన్ని గ్రాములుంది?’ కొత్తగా జబ్బు సంగతి తెలిసి కుమిలిపోతూ వచ్చిన తల్లికి, తన కొడుకు ఇంటర్‌లో చేరాడని పక్కనున్నావిడ చెప్పే ఒక్క మాట ఇచ్చినంత ధైర్యం ఏ కరపత్రమూ ఇవ్వలేదు.

ఆ ధైర్యం నిలవాలంటే రక్తం ఒక్కటే చాలదు. ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ ఒంట్లో ఇనుము పేరుకుని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని దించడానికి ఒకప్పుడు రాత్రంతా పొట్ట చర్మం కింద సూది గుచ్చి పంపు పెట్టుకుని పడుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు నీళ్లలో కలిపి తాగే మాత్రలు వచ్చాయి. రక్తం, మాత్ర రెండూ వేళకు అందితే ఈ పిల్లలు డిగ్రీలు చదువుతారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. తోబుట్టువుల మూలుగ సరిపోతే మార్పిడితో కొందరికి జబ్బే నయమవుతుంది. ఖర్చు మాత్రం లక్షల్లో.

ఈ తల్లులను అత్తింట ఆడిపోసుకోవడం నా మనసును కలచివేసే సంగతి. లోపమున్న జన్యువు తల్లి నుంచీ, తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే బిడ్డకు ఈ జబ్బు. ఇద్దరూ ఆ జన్యువుకు వాహకులైతే ప్రతి కాన్పులోనూ ఆ ముప్పు నూటికి పాతిక పాళ్లు. వాహకులు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు. పెళ్లికి ముందో, గర్భం తొలి నెలల్లోనో హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుంది. జాతకాలు చూసే ప్రతి ఇంట్లో ఈ పరీక్షా చేయించాలి.

వేసవి ఈ పిల్లలకు గడ్డుకాలం. కాలేజీలకు సెలవులిస్తే రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి, పిల్లల తేదీ మాత్రం ఆగదు. 18 ఏళ్లు నిండి, ఆరోగ్యంగా ఉండి, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గనివారు రక్తం ఇవ్వొచ్చు. మగవాళ్లయితే మూడు నెలలకోసారి, ఆడవాళ్లయితే నాలుగు నెలలకోసారి. ఏటా ఒక్కసారే ఇవ్వగలిగితే, ఆ ఒక్కసారీ ఏప్రిల్‌లోనో, మేలోనో ఇవ్వండి.