ఆసుపత్రి బిల్లులో ఉన్నది మన మనిషేనా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



సంతలో వంకాయలు కొంటే తూకం చూస్తాం. చీరె కొంటే అంచు తిప్పి చూస్తాం. ఆసుపత్రి బిల్లు వస్తే మాత్రం చివరి అంకె చూసి, గుండె పట్టుకొని, డబ్బు కట్టి వచ్చేస్తాం. పైనున్న వరుసలు చదవం. "చదువుకున్నవాళ్లు వేసిన లెక్క, మనకేం తెలుస్తుంది" అనుకుంటాం. నేనూ పదో తరగతితో బడి మానినదాన్నే, అట్లాగే అనుకునేదాన్ని.

మా అత్తగారి పేరు మునెమ్మ. మా తిరుపతి, చిత్తూరు పక్కల ఈ పేరు వీధికి ఇద్దరికైనా ఉంటుంది. జ్వరం తగ్గకపోతే ఆమెను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజు పొద్దున, ఇంకా డబ్బు కట్టమని చీటీ వచ్చింది. మావారు డబ్బు కోసం పోయారు. నేను ఊరికే కూచోలేక, అప్పటిదాకా అయిన ఖర్చుకు వివరాలతో బిల్లు అడిగి తీసుకున్నాను. అందులో ఇన్సులిన్ ఉంది. మా అత్తగారికి షుగరే లేదు!

కౌంటరులో అబ్బాయిని అడిగితే "ఇంటికి పోయే రోజు సర్దుతాం లేమ్మా" అన్నాడు. మనసొప్పక ఆ కాగితం నర్సమ్మకు చూపించాను. ఆమె కేసు షీటు తిప్పి చూసి కంగారుపడింది. రెండు మంచాల అవతల ఇంకో మునెమ్మ ఉంది. ఆమె మందుల కాగితం ఆ పొద్దున మా కాగితాల్లో కలిసిపోయింది. ఇంకో గంటకు సూది వేయవలసి ఉందట. షుగరు లేని మనిషికి ఇన్సులిన్ పడితే రక్తంలో చక్కెర పడిపోతుంది, ప్రాణానికే ముప్పు. అవతల, ఆ మందు కావలసిన మునెమ్మేమో మందు రాక ఎదురుచూస్తూ ఉంది.

ఇది ఎట్లా జరుగుతుందంటే, వార్డు నుంచి మందుల షాపుకు చీటీ పోగానే చాలా చోట్ల కంప్యూటరులో ఖర్చు పడిపోతుంది. మందు మనిషికి చేరేది ఆ తర్వాత. కనుక బిల్లులో తప్పు డబ్బు తప్పే అనుకోకండి. ఒకరి వైద్యం ఇంకొకరికి పోతున్నదని ముందుగా చెప్పేది అదే కావచ్చు. అందుకే ఇంటికి పోయే రోజుదాకా ఆగవద్దు. రెండు రోజులకొకసారి వివరాల బిల్లు అడగండి.

చూడవలసినవి ఇవి. పైన పేరు, వయసు, ఆసుపత్రి ఇచ్చిన నంబరు మనవేనా? గది అద్దె ఎన్ని రోజులకు వేశారు? ఒకే పరీక్ష రెండుసార్లు పడిందా? వాడక తిరిగి ఇచ్చిన మందుల డబ్బు తగ్గించారా? ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. పాల లెక్క రాసుకున్నట్టు, ఏ పూట ఏ సూది, ఏ పరీక్ష అని ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుంటే చాలు.

ఇక పేరు సంగతి. మనకు పేరు ముందు అక్షరం ఇంటిపేరుది. చిత్తూరు నుంచి వేలూరుకు వైద్యానికి పోతే, అక్కడ తమిళులకు ఆ అక్షరం తండ్రి పేరుది. ఒకచోట మునెమ్మ, ఇంకోచోట మునియమ్మ. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది గనుక, పాత కార్డుల్లో చిత్తూరు జిల్లా అనే ఉండవచ్చు. చేర్చేటప్పుడే ఆధారు కార్డులో ఉన్నట్టు పూర్తి పేరు రాయించండి. ఒక మనిషిని గుర్తించడానికి కనీసం రెండు ఆనవాళ్లు చూడాలనీ, గది నంబరు అందులో లెక్కకు రాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. సూది వేయడానికి వచ్చినవారు "మునెమ్మేనా?" అంటే ఊరికే తల ఊపవద్దు. ఇంటిపేరు, వయసు మీరే చెప్పండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్న పథకంలో చేరినవారు, పేరు తేడా వస్తే ఆసుపత్రిలోనే ఉండే ఆరోగ్యమిత్రను కలవండి. 104కు ఫోను చేసినా వింటారు.

తప్పు కనిపిస్తే మొదట మంచి మాటతో అడగండి. వినకపోతే కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కేసు కాగితాల నకలు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని డాక్టర్లకు 2002 నాటి నిబంధన ఉంది. డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1915 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. జిల్లా వినియోగదారుల కమిషనులో, కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు.

మా ఆసుపత్రిలో కాగితాలు సర్దారు, బిల్లూ దిద్దారు. ఆ రెండో మునెమ్మ కొడుకు బయట బెంచీ మీద, తల్లికి మందు ఎందుకు రాలేదో తెలియక దిగులుగా కూచుని ఉన్నాడు. "నాయనా, నీ బిల్లు కూడా ఒకసారి చూసుకో" అని చెప్పి వచ్చాను. మీరూ మీ పక్క మంచం వాళ్లకు ఆ మాట చెప్పండి. మన కాగితంలో ఎక్కువ పడిందంటే, ఇంకొకరికి తక్కువ పడిందేమో.