మినీ మిషన్‌కి రబ్బర్ చైన్ కొంటున్నారా? నంబర్ ఫోటో ఒక్కటే పంపకండి

ఈరోజు టాపిక్ ఫోన్ కాదు, యాప్ కాదు. రబ్బర్ చైన్. మీ గల్లీలో డ్రైనేజీ తవ్వడానికి ఒక చిన్న మిషన్ వస్తుంది కదా, దాని కింద నల్లగా తిరుగుతుంది చూడండి, అదే.

మాకు తెలిసిన ఒక అన్న హనుమకొండలో మినీ ఎక్స్‌కవేటర్ నడుపుతాడు. సొంత మిషనే, ఫైనాన్స్ మీద తీసుకున్నాడు. ఒకరోజు చైన్ తెగింది. పాత చైన్ మీద నంబర్ సగం అరిగిపోయి ఉంటే, కనిపించినంత వరకు ఫోటో తీసి ఒక షాపుకి పంపాడు. వాళ్లు అదే సైజు అన్నారు, డబ్బులు ముందే తీసుకున్నారు. చైన్ వచ్చింది, ఎక్కించాడు. రెండు గంటలు బాగానే నడిచింది. మూల మీద మిషన్ తిప్పగానే చైన్ జారి బయటికొచ్చింది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ జారింది. వాపస్ అడిగితే "ఒకసారి ఎక్కించిన సరుకు తీసుకోం" అన్నారు. తొమ్మిది రోజులు మిషన్ నిలబడింది. ఈఎంఐ మాత్రం నిలబడదు కదా!

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ నంబర్ చివర ఉండే ఒక్క అక్షరం దగ్గర. అది చెప్పేముందు అసలు రబ్బరు ఎందుకో చూద్దాం.

ఇనుము ఉండగా రబ్బరు ఎందుకు?

మన దగ్గర టైర్లున్న పసుపు మిషన్ ఏదొచ్చినా జేసీబీ అంటాం, చైన్ ఉంటే హిటాచి అంటాం. పెద్ద హిటాచికి ఇనుప చైన్ ఉంటుంది. క్వారీలో, చెరువు పూడిక తీసే దగ్గర అది ఓకే. అదే చైన్ మన గల్లీలో సీసీ రోడ్డు మీద తిరిగితే రోడ్డు మొత్తం గాట్లే. అందుకే ఊరి లోపల పనిచేసే చిన్న మిషన్లకు రబ్బర్ చైన్ వేస్తారు.

ఇదేం కొత్త ఐడియా కాదు. వందేళ్ల కిందట రష్యా జార్ దగ్గర పనిచేసిన ఫ్రెంచ్ ఇంజనీర్ అడాల్ఫ్ కెగ్రెస్, కార్లు మంచులో నడవడానికి ఇనుప లింకుల బదులు మెత్తగా వంగే బెల్టు పెట్టాడు. అదే పద్ధతిలో చేసిన సిట్రోయెన్ బండ్లు 1922 డిసెంబర్‌లో బయల్దేరి సహారా ఎడారిని దాటాయి. ఇప్పుడు మన దగ్గర తడి పొలంలో వరి కోసే చైన్ హార్వెస్టర్ కింద ఉన్నది కూడా రబ్బర్ చైనే. కాబట్టి నర్సంపేట, పరకాల వైపు హార్వెస్టర్ ఉన్నవాళ్లూ ఈ ఎపిసోడ్ చూడండి, కొలిచే పద్ధతి ఒకటే.

మూడు నంబర్లు

చైన్ మీద 300×52.5×80 లాంటి నంబర్ అచ్చు వేసి ఉంటుంది. 300 అంటే చైన్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 52.5 అంటే పిచ్. చైన్ లోపలివైపు వరుసగా గట్లలాగా పొడుచుకొచ్చి ఉంటాయి కదా, వాటిని గైడ్లు అందాం. ఒక గైడ్ మధ్య నుంచి పక్క గైడ్ మధ్యకు ఉన్న దూరమే పిచ్. 80 అంటే చైన్ చుట్టూ ఒక వరుసలో మొత్తం ఎన్ని ఉన్నాయో ఆ లెక్క.

నంబర్ అరిగిపోతే టేపు తీసుకొని కొలవండి. పిచ్ కొలిచేటప్పుడు ఒక్క గ్యాప్ కొలిస్తే అర మిల్లీమీటర్ తేడా అస్సలు తెలీదు. పది గ్యాపులు కలిపి కొలిచి పదితో భాగించండి. 525 వస్తే పిచ్ 52.5. పది గ్యాపులు కావాలంటే పదకొండు గైడ్లు లెక్కపెట్టాలి, పది కాదు. కోడింగ్ చేసేవాళ్లందరూ ఈ తప్పు జీవితంలో ఒక్కసారైనా చేసి ఉంటారు, నేనైతే చాలాసార్లు చేశా. మొత్తం లెక్కపెట్టేటప్పుడు మొదటి గైడ్ మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోండి.

"మొత్తం పొడవు సరిపోతే చాలు కదా అన్నా" అని కొందరు అడుగుతారు. సరిపోదు. 52.5 ఇంటూ 80 చేస్తే 4,200. 70 ఇంటూ 60 చేసినా 4,200. పొడవు ఒకటే, కానీ చైన్‌ని లాగే స్ప్రాకెట్ పళ్లు రెండోదాని రంధ్రాల్లో కూర్చోవు.

ఆ ఒక్క అక్షరం

ఇప్పుడు మన అన్న కథకు వద్దాం. 300×52.5 సైజులోనే ఎన్, డబ్ల్యూ, కె అని వేర్వేరు రకాలు వస్తాయి. వెడల్పు అదే, పిచ్ అదే, కానీ లోపలి గైడ్ల ఆకారం, వాటి మధ్య దూరం వేరు. కింద రోలర్లు ఆ గైడ్లను పట్టుకునే నడుస్తాయి. తేడా ఉంటే నేరుగా వెళ్లేటప్పుడు తెలీదు, తిప్పినప్పుడు జారుతుంది. అన్నకు జరిగింది ఇదే.

ఇంకో సంగతి. కొన్ని మిషన్లలో రోలర్ రబ్బరు మీద ఆనుతుంది, కొన్నింటిలో లోపలి ఇనుము మీద ఆనుతుంది. ఇవి ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు. అందుకే షాపుకి మూడు ఫోటోలు పంపండి: అచ్చు నంబర్, చైన్ లోపలివైపు టేపు పెట్టి ఒకటి, కింది రోలర్ ఒకటి. దాంతోపాటు మిషన్ మోడల్, సీరియల్ నంబర్. "ఫిట్ కాకపోతే వాపస్ తీసుకుంటాం" అని వాట్సాప్‌లో రాయించుకున్నాకే పైసలు పంపండి. వచ్చాక ఎక్కించే ముందు పాత చైన్ పక్కన పెట్టి చూడండి.

చైన్ ఒక్కటే మార్చితే సరిపోతుందా?

స్ప్రాకెట్ పళ్లు కొడవలిలా వంగి మొన తేలితే, కొత్త చైన్‌ని అది కొరికేస్తుంది. రోలర్ తిరగకుండా బిగుసుకుపోయినా అంతే. ముందు అవి చూడండి. రెండోది, ఒకవైపు తెగినా రెండో చైన్ కూడా బాగా అరిగి ఉంటే జత మార్చడమే మేలు. ఒకటి కొత్తది, ఒకటి అరిగింది అయితే మిషన్ ఒక పక్కకు లాగుతుంది.

రబ్బరు మీద చిన్న పగుళ్లు కనబడగానే భయపడకండి. పగుల్లోంచి లోపలి స్టీల్ తీగలు కనిపిస్తే మాత్రం మార్చే టైం వచ్చింది. నీళ్లు చేరి ఆ తీగలు తుప్పు పడితే చైన్ పని మధ్యలో తెగుతుంది.

చీప్‌దా, కాస్ట్లీదా?

ధర చూడకండి, గంటకు ఎంత పడుతుందో చూడండి. ఊరికే లెక్క కోసం అనుకుందాం: ఒకటి 60 వేలు, 600 గంటలు వస్తే గంటకు 100 రూపాయలు. ఇంకోటి 90 వేలు, 1,200 గంటలు వస్తే గంటకు 75. పైగా మొదటిదానికి రెండుసార్లు మిషన్ ఆపాలి. మీ ఏరియాలో ఆ బ్రాండ్ వాడిన ఇద్దరు ఆపరేటర్లను ఎన్ని గంటలు వచ్చిందో అడగండి, యాడ్ కంటే అది నమ్మొచ్చు. లోపలి స్టీల్ తీగ అతుకు లేకుండా ఒకటే చుట్టుగా ఉందా అని కూడా అడగండి. అతుకు ఉన్న చోటే తెగే అవకాశం ఎక్కువ.

ఎక్కించాక

బ్లేడు, బూమ్‌తో మిషన్ లేపి, ఆ లేపిన మిషన్ జారకుండా కింద గట్టి దుంగలు పెట్టాకే చైన్ చూడండి. మధ్య రోలర్ కింద చైన్ ఎంత వేలాడుతుందో కొలవండి. ఎంత ఉండాలో మీ మిషన్ మాన్యువల్‌లో ఉంటుంది. లూజు అయితే జారుతుంది, మరీ టైట్ అయితే రోలర్లు పోతాయి.

లూజు చేయడానికి గ్రీజు వాల్వు తిప్పుతారు కదా, ఇక్కడ చాలా జాగ్రత్త. లోపల గ్రీజు భారీ ప్రెషర్‌తో ఉంటుంది. వాల్వు పూర్తిగా విప్పితే బుల్లెట్‌లా కొడుతుంది. ముఖం, చెయ్యి ఎదురుగా పెట్టకుండా నిదానంగా కొంచెమే తిప్పండి.

సీసీ రోడ్డు మీద నిలబడిన చోటే గిర్రున తిప్పకండి, కొంచెం ముందుకు వెనక్కి నడిపి తిప్పండి. దూరం వెళ్లాలంటే డీసీఎం ఎక్కించండి. డీజిల్, ఆయిల్ పడితే తుడిచేయండి, అవి రబ్బరును తింటాయి.

ఆ అన్న చివరికి రోలర్ ఫోటోతో సహా పంపి సరైన చైన్ తెప్పించుకున్నాడు. ఆ జారిన చైన్ ఇప్పటికీ వాళ్ల ఇంటి వెనక పడి ఉంది. మీ ఇంట్లో, మీ ఊళ్లో చిన్న మిషన్ నడిపేవాళ్లు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకు పంపండి. కొలిచేటప్పుడు డౌట్ వస్తే కామెంట్‌లో అడగండి, తెలిసినంత చెప్తాను. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.