దగ్గు.. ఊపిరికి కాపలా

ధర్మాబాద్ (నాందేడ్ జిల్లా): బాసర దాటితే ధర్మాబాద్. మహారాష్ట్రే అయినా తెలుగు వినిపించే ఊరు, ఎండుమిర్చికి పేరు. కారం పట్టే గిర్నీ ముందు నిలబడితే చాలు.. దగ్గు తన్నుకొస్తుంది. ఎందుకలా?

ఊపిరి తీసేటప్పుడు ఛాతీ కింది డయాఫ్రమ్ దిగుతుంది, పక్కటెముకలు లేస్తాయి. లోపల చోటు పెరిగి ఒత్తిడి తగ్గడంతో బయటి గాలి దానంతటదే వస్తుంది. ఒక్కోసారి దాదాపు అరలీటరు, నిమిషానికి 12 నుంచి 20 సార్లు. గాలితోపాటే కారం దుమ్మూ పోతుంది. అందులోని క్యాప్సైసిన్ శ్వాసనాళాల్లోని నరాలను రేపుతుంది. గొంతు మూసుకుని, పొట్ట కండరాలు బిగిసి, దారి ఒక్కసారిగా తెరుచుకుంటే గాలి విసురుగా బయటికొస్తుంది. అదే దగ్గు.

రోజంతా కారం మధ్యే ఉండే కూలీలకు ఈ కాపలా ఒక్కటే చాలదు. సన్నని దుమ్ము తువ్వాలుకు ఆగదు. ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు, గాలి ఆడే గది కావాలి. ఆయాసం, పిల్లికూతలు ఉంటే ‘అలవాటైపోయిందిలే’ అనుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.