గడువు ఎరిగిన యంత్రం

తార్నాక మీదుగా 2017 నవంబరు నుండి మెట్రో రైలు నడుస్తున్నది. ముందు రైలుకూ వెనుక రైలుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో రేడియో సంకేతాల ఆధారంగా కంప్యూటర్లు నిరంతరం లెక్కిస్తుంటాయి. బ్రేకు వేయమనే ఆజ్ఞ సరైనదే అయినా ఆలస్యంగా చేరితే అది తప్పుడు ఆజ్ఞతో సమానం. ఇంజనీర్లు చెప్పే ‘రియల్ టైమ్’ ఇదే. దీనికి వేగం అని కాదు, గడువు తప్పకపోవడం అని అర్థం. సహరీ వేళ ముగిశాక ఎంత త్వరగా తిన్నా ప్రయోజనం లేదని మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలుసు కదా!

తార్నాకను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లోనే ఉర్దూ మాధ్యమ విద్యాసంస్థగా ఏర్పడింది. 1929లో దాని ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది. శాస్త్రాన్ని ఈ నేల భాషలలో చెప్పుకోవడం మనకు కొత్త కాదు. మైక్రోకంట్రోలర్ గురించి తెలుగులో మాట్లాడుకోవడానికి సంకోచమెందుకు?

ఇంజనీరింగ్ పాఠాలలో తరచుగా ఎదురయ్యే 8051 చిప్పును ఇంటెల్ సంస్థ 1980లో తెచ్చింది. పాతదని దానిని ఈసడించే వారితో మేము ఏకీభవించము. టైమర్లు, ఇంటరప్టుల స్వభావం దానిలో స్పష్టంగా తెలుస్తుంది. మా అభ్యంతరమల్లా, బోర్డును చేతపట్టకుండా కాగితంపై ప్రోగ్రామ్ రాసి పట్టా పుచ్చుకోవడం పట్లనే.

ఆర్డునో ఊనో బోర్డులోని చిప్పు గడియారం సెకనుకు 1.6 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. దానితో ఇంటి నీళ్ల మోటారును నడపాలనుకుందాం. కొత్తవారు ‘డిలే’ ఆజ్ఞతో ఒక నిమిషం ఆగమని రాస్తారు. ఆ నిమిషమంతా ప్రోగ్రామ్ కళ్లు మూసుకున్నట్లే. సంపులో నీరు అయిపోయినా గమనించదు. ‘మిల్లిస్’ లెక్కను చూస్తూ ఇతర పనులు చేసుకోవడమే సరైన పద్ధతి. అయితే ఆ లెక్క సుమారు 49.7 రోజులకు మళ్లీ సున్నాకు వస్తుంది. ఇప్పటి లెక్క నుండి మొదటి లెక్కను తీసివేసి పోల్చితే ఇబ్బంది లేదు. గడువును ముందే కూడి ఉంచుకుంటే యాభయ్యవ రోజున మోటారు దారి తప్పవచ్చు. ప్రయోగశాలలో గంటసేపు పరీక్షించినవారికి ఈ లోపం కనబడదు. ఫ్లోట్ స్విచ్చిదీ ఇలాంటి పేచీయే. అది ఒక్కసారి కలిసినా కొన్ని మిల్లీసెకన్లపాటు అదురుతుంది. చిప్పు దానిని పలుమార్లు కలిసినట్లు భావిస్తుంది.

ఇవన్నీ మన ఆడపిల్లలూ మగపిల్లలూ ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. మొదట మోటారు స్థానంలో ఒక చిన్న ఎల్ఈడీ పెట్టుకొని, అది రెండు నెలలు తప్పు లేకుండా నడిచాకనే రిలే జోలికి పోవాలి. 230 వోల్టుల తీగలను కలిపే పనిని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదలాలి.