సర్వే నంబరు పట్టుకోండి... ముత్తాత దొరుకుతారు!

మీ తాత పేరు అడిగితే టక్కున చెబుతారు. ముత్తాత పేరు? నాయనమ్మని అడిగి చెబుతారేమో. మరి ఆయన తండ్రి పేరు? ఆయన ఎన్నెకరాలు దున్నారు, ఏ కరువులో ఎంత అమ్ముకున్నారు, ఎందుకు తాకట్టు పెట్టారు? ఇక్కడికొచ్చేసరికి చాలామందికి మాట ఆగిపోతుంది.

రాజులకు శాసనాలున్నాయి. జమీందార్లకు వంశ చరిత్రలున్నాయి. మెట్ట పొలం చేసుకుని బతికిన మామూలు రైతుకి ఏముంది? శిస్తు లెక్క ఉంది. తెల్లదొరల ప్రభుత్వానికి ఆ రైతు మీద ప్రేమ లేకపోయినా ఆయన కట్టాల్సిన అణా పైసల మీద చాలా శ్రద్ధ ఉండేది. అందుకే ఆయన పేరు, తండ్రి పేరు, నేల తీరు, పంట అన్నీ రాసిపెట్టింది. ఆ కాగితాల దారిలో వెనక్కి నడిస్తే వందేళ్ల నాటి మనిషి జీవితం కొంతైనా కళ్ల ముందుకొస్తుంది. ఉద్యోగాల పేజీలో ఈ ముచ్చట ఎందుకంటారా? ఆ దారిలో నేర్చుకునే పనులకు ఇప్పుడు మార్కెట్లో మంచి గిరాకీ ఉంది. అదెలాగో చివర్లో చూద్దాం.

ఒక ఊరు... మారిన జిల్లాలు

పల్నాడు జిల్లా శావల్యాపురాన్నే ఉదాహరణగా తీసుకుందాం. గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో స్టేషన్ ఉన్న ఊరు. నడికుడి-శ్రీకాళహస్తి కొత్త లైను మొదటి దశలో న్యూ పిడుగురాళ్ల నుంచి వచ్చి కలిసేది ఇక్కడే. మొదటి లైను బ్రిటిష్ కాలం నాటిది, రెండోది మన కాలానిది. రెండుసార్లూ పట్టాల కోసం రైతుల నుంచి భూమి సేకరించారు. భూసేకరణ ఫైలు అంటే ఎవరి పొలం, ఎంత పోయింది, ఎంత పరిహారం అనే లెక్క. కుటుంబ చరిత్ర వెతికేవాళ్లకు అదొక ఖజానా.

అయితే వెతికే ముందు ఒక చిక్కుంది. ఊరు కదల్లేదు కానీ దాని జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది. 1859లో గుంటూరు జిల్లాను తీసేసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1904లో మళ్లీ గుంటూరు జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చింది. మండలాలు 1985లో పుట్టాయి, అంతకుముందు ఈ ఊరు వినుకొండ తాలూకా కింద ఉండేది. కాబట్టి 1880 నాటి కాగితం కావాలంటే ఆర్కైవ్స్ జాబితాలో 'పల్నాడు' అనో 'గుంటూరు' అనో వెతికితే దొరకదు. 'కృష్ణా జిల్లా, వినుకొండ తాలూకా' అని వెతకాలి. ఈ ఒక్క విషయం తెలియక రెండు రోజులు తిరిగి వట్టి చేతులతో వెనక్కి వచ్చేవాళ్లుంటారు.

పేరు కాదు, నేలే 'ప్రైమరీ కీ'

డేటాబేస్ చదువుకున్నవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. పేరును ప్రైమరీ కీగా పెట్టుకుంటే పని జరగదు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు. అంటే ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు మనుషులు ఒకే పొలం మీద యాభై అరవై ఏళ్ల తేడాతో కనిపిస్తారు. పైగా ఒక కాగితంలో 'వెంకటప్ప', ఇంకో కాగితంలో 'వెంకయ్య'.

నేల అలా కాదు, ఎక్కడికీ పోదు. అందుకే ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న పాస్ పుస్తకంలోని సర్వే నంబరుతో మొదలుపెట్టండి. ఆ నంబరు పట్టుకుని ఒక్కో ఏడాది వెనక్కి వెళ్లండి. 45/2ఎ అని ఉంటే ఒకప్పుడది 45/2, అంతకుముందు ఒట్టి 45. అన్నదమ్ములు పంచుకున్న ప్రతిసారీ నంబరు చీలింది. అంటే సబ్‌డివిజన్ల వరసే మీ వంశవృక్షం కొమ్మలు.

ఒక హెచ్చరిక. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. అది పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత నంబరుకి కొత్తది ఏదో తెలిపే పట్టిక అడిగి తీసుకోండి. ఆ లంకె తెగితే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయినట్టే.

ఏ కాగితంలో ఏముంటుంది?

అడంగల్, 1బి: మీభూమి పోర్టల్‌లో కనిపించేవి ఇవే. ఇప్పుడు ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట అనేది తెలుస్తుంది. ప్రయాణం ఇక్కడ మొదలవుతుంది.

ఆర్ఎస్ఆర్: రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. బ్రిటిష్ కాలంలో ఊరు మొత్తాన్ని కొలిచి, నేలను తరగతులుగా విడదీసి, శిస్తు కట్టిన రిజిస్టర్. మెట్టా మాగాణా, రేగడా ఎర్ర నేలా, ఏ తరం, ఎంత విస్తీర్ణం, పట్టాదారు ఎవరు అన్నీ ఇందులో ఉంటాయి. తహసీల్దార్ ఆఫీసులో అడగాల్సింది ముందు దీన్నే.

ఎఫ్ఎంబీ: ఒక్కో సర్వే నంబరుకి గీసిన కొలతల పటం. దీన్ని గూగుల్ మ్యాప్ పక్కన పెట్టి చూస్తే ఏ గట్టు పాతదో, ఏది తర్వాత వచ్చిందో తేలుతుంది.

ఇనాం ఫెయిర్ రిజిస్టర్: 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. గుళ్లకు, పండితులకు, ఊరి వృత్తుల వాళ్లకు ఇచ్చిన మాన్యాలన్నింటినీ అది విచారించింది. మాన్యం ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, వాళ్లకీ వీళ్లకీ చుట్టరికమేంటి, వయసెంత అని రాశారు. 1860లో ఒకాయన వయసు 45 అని ఉంటే ఆయన 1815 ప్రాంతంలో పుట్టినట్టు లెక్క. మీ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అది.

దస్తావేజులు: అసలు కథ ఉండేది ఇక్కడే. రిజిస్టర్‌లో 'పట్టాదారు మారాడు' అని మాత్రమే ఉంటుంది. ఎందుకు మారాడో క్రయ దస్తావేజు చెబుతుంది: కూతురి పెళ్లికి, పాత బాకీ తీర్చడానికి, బావి తవ్వించడానికి. నాలుగు హద్దులు రాసేచోట పక్క పొలాల వాళ్ల పేర్లుంటాయి. కింద సాక్షులు, రాసినవారి పేరు. ఒక్క కాగితంతో ఆనాటి ఊళ్లో సగం మంది పరిచయమవుతారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్ల ఇండెక్స్ వేరు, ఆస్తుల ఇండెక్స్ వేరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని, దాని ఇండెక్సులను ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాల వంటివి మాత్రం అందరికీ ఇవ్వరు.

ఇంకా లోతుకి వెళ్లాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ ఉన్నాయి. ఒక్క మాట గుర్తుంచుకోండి. జమీందారీల కాలంలో పైకి వెళ్లింది జమీందారు కట్టే మొత్తమే కానీ రైతుల పేర్లు కాదు. గుంటూరు ప్రాంతంలో పెద్ద జమీందారీలు 1840ల్లో ప్రభుత్వం చేతికి వచ్చాకే రైతు నేరుగా లెక్కల్లోకి ఎక్కాడు. అంతకంటే వెనక్కి వెళ్తే మామూలు రైతు పేరు దొరకడం కష్టం.

లెక్క తెలిస్తేనే కథ తెలిసేది

ఫసలీ: రికార్డుల్లో ఇంగ్లిష్ సంవత్సరం ఉండదు, ఫసలీ ఉంటుంది. దానికి 590 కలపండి. 1318 ఫసలీ అంటే 1908 జులై నుంచి 1909 జూన్ వరకు.

తెలుగు సంవత్సరం: దస్తావేజులో 'దుందుభి నామ సంవత్సరం' అని ఉందనుకోండి. అరవై ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి అది 1862 కావొచ్చు, 1922 కావొచ్చు. తాతా మనవళ్లది ఒకే పేరు కాబట్టి ఇక్కడ పప్పులో కాలేయడం చాలా తేలిక. అప్పుడు స్టాంపు కాగితం మీది బొమ్మ చూడండి. విక్టోరియా రాణి ఉంటే తాత, అయిదో జార్జి ఉంటే మనవడు!

రూపాయి: 16 అణాలు ఒక రూపాయి, 12 పైసలు ఒక అణా. 2-8-0 అంటే రెండున్నర రూపాయలు. నయాపైసల పద్ధతి వచ్చింది 1957లో.

సెంటు: సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. అందులో వందో వంతు సెంటు. మనం రోజూ వాడే సెంటు లెక్క ఈ గొలుసుతో ఇలా కుదురుతుంది.

కరణం గారి భిన్నాలు: పాత లెక్కల్లో తెలుగు అంకెలతో పాటు పావు, పావులో పావు ఇలా నాలుగో వంతుల్లో సాగే భిన్నాల గుర్తులుంటాయి. వీటికి 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే మీ ఫోన్‌కి ఆ గుర్తులు తెలుసు, మనకే తెలియదు.

మూడు చుక్కల ఖరీదు

ఇదంతా పాత కాగితాల సరదా అనుకుంటున్నారా? 'చుక్కల భూములు' అనే మాట వినే ఉంటారు. ఆర్ఎస్ఆర్ రాసేటప్పుడు హక్కుదారు ఎవరో తేలని చోట పట్టాదారు గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టారు. ఎప్పుడో పెట్టిన ఆ చుక్కల వల్ల మన కాలంలో వేలాది కుటుంబాల భూములు నిషేధిత జాబితాలోకి వెళ్లాయి. తరతరాలుగా దున్నుకుంటున్నా అమ్ముకోలేరు, బ్యాంకులో తాకట్టు పెట్టలేరు. పిల్లల చదువుకి అప్పు కావాలన్నా అంతే. 2017లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. 2023లో రాష్ట్రవ్యాప్తంగా 2 లక్షల ఎకరాలకు పైగా ఆ జాబితా నుంచి తొలగించారు. ఇలాంటి చోట పాత దస్తావేజు, పాత శిస్తు రసీదు చదివి వరస పేర్చగలిగే మనిషి ఇంట్లో ఉంటే ఎంత ధైర్యమో ఆలోచించండి.

పేరు లేనివాళ్లను ఎక్కడ వెతకాలి?

భూమి రికార్డుల్లో భూమి ఉన్నవాళ్లే ఉంటారు. కౌలుదార్లు, కూలీలు, చాలామంది ఆడవాళ్లు కనిపించరు. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. చాకలి, మంగలి, వెట్టి, తలారి వంటి ఊరి సేవలు చేసిన కుటుంబాలు మాన్యాల లెక్కల్లో దొరుకుతాయి. 1876-78 నాటి ధాత కరువు సమయంలోనూ తర్వాతా ఒంగోలు, వినుకొండ ప్రాంతాల్లో ఎన్నో దళిత కుటుంబాలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో చేరాయి. వాళ్లకు చర్చి రిజిస్టర్లే ఆధారం. మద్రాసు రేవు నుంచి కూలీలుగా ఓడ ఎక్కినవాళ్లకు వలస పాసులుంటాయి. 1860లో 'ట్రూరో' ఓడతో మొదలుపెట్టి నటాల్‌కి వెళ్లినవాళ్ల పాసుల్లో జిల్లా, తాలూకా, ఊరు, తండ్రి పేరు రాశారు. దక్షిణాఫ్రికాలో వాళ్ల మునిమనవళ్ల చేతిలో ఊరి పేరుంది, ఇక్కడ మన దగ్గర ఊరుంది. కలపాల్సినవాళ్లే లేరు.

కాగితం అన్నీ చెప్పదు

రికార్డులో ఉంది కాబట్టి నిజమే అనుకోకండి. రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు 1788-1848 మధ్య గుంటూరు జిల్లా పాలన మీద 1965లో ఒక పుస్తకం రాశారు. గ్రామ పెద్దలు, కచేరీ ఉద్యోగులు కలిసి పైవాళ్లకు తెలియకుండా భూమినీ ఆదాయాన్నీ ఎలా దాచారో అందులో వివరించారు. రాసేవాడికీ ఒక ప్రయోజనం ఉంటుంది. అలాగే శిస్తు బాకీ పడ్డారని లెక్క చెబుతుంది, ఎందుకు కట్టలేదో చెప్పదు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు విడిచారు. శిస్తు ఖాతాలు చూసేవాళ్లకు ఆ పోరాటం వట్టి 'వసూలు కాని పన్ను'గా మాత్రమే కనబడుతుంది. మిగతాది ఇంట్లో పెద్దవాళ్ల నోటి నుంచి రావాలి.

ఇంకో ముఖ్యమైన మాట. ఆర్ఎస్ఆర్‌లో ముత్తాత పేరు కనిపించిందని ఆ పొలం మీదే అనుకోవద్దు. మధ్యలో అమ్మకాలు, పంపకాలు జరిగి ఉంటాయి. 'మీ పాత భూమి తెప్పిస్తాం' అంటూ వచ్చే దళారుల మాట నమ్మకండి. ఇప్పుడు సాగులో ఉన్నవాళ్ల వివరాలు, పాస్ పుస్తకాల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టకండి. వెతుకుతున్నది మనిషిని, వ్యాజ్యాన్ని కాదు.

ఉద్యోగానికి ఏం లాభం?

2019లో వచ్చిన గ్రామ సచివాలయాల్లో గ్రామ సర్వేయర్ పోస్టులున్నాయి. బ్యాంకు రుణాలకు, రియల్ ఎస్టేట్ సంస్థలకు టైటిల్ పరిశీలన చేసే లాయర్ల దగ్గర రికార్డులు చదవగలిగే కుర్రాళ్లు కావాలి. సివిల్ వాళ్లయితే ఎఫ్ఎంబీని క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టండి. అది చూపించదగ్గ జీఐఎస్ ప్రాజెక్టు. కంప్యూటర్స్ వాళ్లకు చేతిరాత గుర్తింపు, పేర్ల మ్యాచింగ్ పెద్ద సవాళ్లు. గొలుసుకట్టు రాతను మెషీన్‌కి నేర్పాలంటే ముందు దాన్ని చదవగలిగే మనిషి కావాలి కదా! ఇంటర్వ్యూలో 'ఏం ప్రాజెక్టు చేశావు?' అంటే అందరూ చెప్పే అటెండెన్స్ సిస్టమ్ బదులు 'మా ఊళ్లో ఒక సర్వే నంబరు వందేళ్ల చరిత్ర' అని చెప్పి చూడండి.

ఈ సెలవుల్లో ఇలా మొదలుపెట్టండి

1. ఇంట్లో ట్రంకుపెట్టె తెరవండి. పాత దస్తావేజులు, శిస్తు రసీదులు ఫొటో తీయండి. లామినేషన్ చేయించొద్దు, పాత కాగితం పాడవుతుంది.

2. పెద్దవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. 'ఆ చేనుని ఏమని పిలిచేవాళ్లు?' అని అడగండి. చేలకి కూడా పేర్లుంటాయి, దస్తావేజుల్లో అవే కనిపిస్తాయి.

3. మీభూమిలో అడంగల్, 1బి, ఎఫ్ఎంబీ తీసుకోండి. తర్వాత తహసీల్దార్ ఆఫీసులో ఆర్ఎస్ఆర్ నకలుకు దరఖాస్తు పెట్టండి. స్పందన లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది.

4. ప్రతి వివరం పక్కన అది ఏ కాగితంలో, ఏ ఫసలీలో దొరికిందో రాసుకోండి.

5. గ్రామాధికారుల వ్యవస్థ 1984లో రద్దయింది. అప్పటి కరణాలు, వాళ్ల దగ్గర లెక్కలు రాసినవాళ్లు ఇప్పుడు బాగా పెద్దవాళ్లు. మీ చుట్టుపక్కల ఒక్కరున్నా ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఆర్కైవ్స్‌కి వచ్చే ఏడాదైనా వెళ్లొచ్చు, ఈ పని మాత్రం ఈ సెలవుల్లోనే చేయాలి.